మోటారుసైకిలు విద్యుత్ వ్యవస్థలో తేమ లోపాలు

మోటారుసైకిలు వైర్లు, కప్లర్లు, స్విచ్చులు, కాయిళ్లలోకి నీరు చేరడం వల్ల వచ్చే ఇబ్బందులన్నిటినీ కలిపి తేమ లోపాలు అనవచ్చు. బండి స్టార్టు కాకపోవడం, నడుస్తూ నడుస్తూ మిస్సింగ్ ఇవ్వడం, హారన్ మోగకపోవడం, బ్రేకు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండటం, నాలుగు రోజులు ఆపి ఉంచితే బ్యాటరీ దిగిపోవడం వీటిలో తరచు కనిపించేవి. వీటిలో కొన్ని తడి ఆరగానే వాటంతట అవే పోతాయి. మరికొన్ని తడి ఆరాకే మొదలవుతాయి. లోహం మీద చిలుం పట్టి, తుప్పు పెరిగి, వానలు వెలిసిన నెలల తర్వాత బయటపడతాయి. ఈ రెండో రకాన్ని గుర్తించక, పాడవని సామాను మార్చి డబ్బు పోగొట్టుకోవడం మామూలైపోయింది. రోజూ పదుల కిలోమీటర్లు బండి మీదే తిరిగే ప్రాంతాల్లో ఇది బతుకుతెరువుకు సంబంధించిన విషయం. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం అలాంటి ప్రాంతం.

ప్రాంతం, వాతావరణం

ఇబ్రహీంపట్నం హైదరాబాద్‌కు ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నాగార్జునసాగర్ రహదారి మీద ఉన్న పట్టణం. అదే పేరుగల మండలానికీ, రెవెన్యూ డివిజన్‌కూ కేంద్రం. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరును ఈ ఊరు, దాన్ని ఆనుకుని ఉన్న పెద్దచెరువు ఇప్పటికీ నిలుపుకుంటున్నాయి. ఎల్బీనగర్ నుంచి తుర్కయంజాల్, మన్నెగూడ, బొంగులూరు, మంగల్‌పల్లి, శేరిగూడ మీదుగా సాగే ఈ దారి పొడవునా ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. పక్కనే ఆదిబట్లలో టీసీఎస్ ప్రాంగణం, విమాన విడిభాగాల పరిశ్రమలు ఉన్నాయి. యాచారం, మంచాల వైపు పల్లెల నుంచి పాలు, కూరగాయలు తెచ్చేవాళ్లు, కళాశాలలకు వెళ్లే విద్యార్థులు, రెండు షిఫ్టుల్లో పనిచేసే కార్మికులు ఎక్కువగా బండ్ల మీదే వస్తారు. అవుటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి బొంగులూరు దగ్గర వాళ్లంతా సర్వీసు రోడ్డే పట్టాలి. గట్టి వాన పడితే ఇలాంటి రోడ్ల పల్లపు చోట్ల నీరు నిలుస్తుంది.

ఇక్కడ బండికి తేమ మూడు రూపాల్లో తగులుతుంది. మొదటిది కుండపోత. నీరు వేగంగా, అన్ని వైపుల నుంచీ కొడుతుంది. దాంతోపాటు చక్రాలు చిమ్మే బురదనీరు ఇంజిన్ ముందుభాగాన్నీ, సీటు కింది భాగాన్నీ తడుపుతుంది. రెండోది ముసురు. జూన్ రెండో వారంలో నైరుతి వచ్చాక, ముఖ్యంగా జులై, ఆగస్టుల్లో, రోజుల తరబడి ఎండ కనిపించదు. ఒకసారి తడిసిన కప్లరు ఆరే అవకాశమే ఉండదు. మూడోది చలికాలపు మంచు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఆరుబయట నిలిపిన బండి లోహభాగాల మీద నీటి బిందువులు కమ్ముకుంటాయి. చలికి బ్యాటరీ సత్తువ కూడా తగ్గేది ఆ వేళే కావడంతో సెల్ఫు పనిచేయదు.

వీటికి తోడు ఎర్రమట్టి దారుల దుమ్ము. వేసవిలో కప్లర్ల సందుల్లో చేరిన సన్నని దుమ్ము, వానలు మొదలవగానే తడిని పట్టి ఉంచే పూతగా మారుతుంది. బోరునీళ్లతో బండి కడిగే అలవాటు మరో కారణం. దక్కన్ గ్రానైటు రాళ్లలోంచి వచ్చే ఉప్పునీరు ఆరిపోయాక దానిలోని లవణాలు టెర్మినళ్ల మీద తెల్లగా పేరుకుంటాయి. మళ్లీ తడి తగలగానే అవి కరిగి విద్యుత్తుకు దారి ఇస్తాయి.

నీరు ఏం చేస్తుంది

శుద్ధమైన నీటిలోంచి విద్యుత్తు దాదాపు ప్రవహించదు. రోడ్డు మీది నీటిలో లవణాలు, మట్టి, నూనె, బ్యాటరీ ఆమ్లపు జాడలు కలిసి ఉంటాయి కాబట్టి అందులోంచి ప్రవహిస్తుంది. దీని ఫలితం బండిలో నాలుగు విధాలుగా కనబడుతుంది.

మొదటిది అధిక వోల్టేజి దారి తప్పడం. ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుట్టించడానికి హెచ్‌టీ కాయిల్ పదిహేను వేల నుంచి ముప్పై వేల వోల్టుల దాకా ఇస్తుంది. ప్లగ్ క్యాప్ లోపల తడి ఉంటే, లేదా హెచ్‌టీ వైరుకు పగులు ఉంటే, ఆ విద్యుత్తు ప్లగ్ సందును దాటకుండా తడి ఉపరితలం మీదుగా ఇంజిన్ బాడీలోకి దిగిపోతుంది. మెకానిక్కులు దీన్నే ఎర్త్ అవడం అంటారు. అలా పాకిన దారిలో ప్లాస్టిక్ మాడి సన్నని నల్లగీత పడుతుంది. ఆ గీత కర్బనం. తడి ఆరిన తర్వాత కూడా దాని మీదుగా విద్యుత్తు కారుతూనే ఉంటుంది. అందుకే గీత పడిన క్యాప్‌ను ఎంత తుడిచినా లాభం ఉండదు, మార్చాల్సిందే.

రెండోది తక్కువ వోల్టేజి వైర్ల మధ్య లీకేజి. 12 వోల్టుల విద్యుత్తు గాల్లో దూకలేదు కానీ తడి కప్లరులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు నెమ్మదిగా కారగలదు. ఆ కారడంలో విద్యుద్విశ్లేషణ జరిగి ధనధ్రువం వైపున్న రాగి పిన్ను కరిగిపోతుంది. ఆకుపచ్చ చిలుం అక్కడే మొదలవుతుంది. ఎప్పుడూ బ్యాటరీ విద్యుత్తు అందుతూ ఉండే పిన్నులు మిగతావాటికంటే ముందు తినిపోవడానికి కారణం ఇదే.

మూడోది నిరోధం పెరగడం. 35 వాట్ల హెడ్‌లైటు బల్బు సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. చిలుం పట్టిన ఒక్క కప్లరులో అర ఓము నిరోధం ఏర్పడితే 1.5 వోల్టులు అక్కడే వేడిగా పోతాయి, లైటు ఎర్రగా మసకబారుతుంది. సెల్ఫు మోటారు విషయంలో ఈ నష్టం ఇంకా తీవ్రం. అది కొన్ని పదుల ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర 0.04 ఓములు అడ్డుపడితే, 50 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు పోతాయి. బ్యాటరీ మంచిదే అయినా టక్‌మని శబ్దం వచ్చి సెల్ఫు ఆగిపోతుంది.

నాలుగోది ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ దిగిపోవడం. చిన్న బండ్ల బ్యాటరీ సామర్థ్యం 4 ఆంపియర్ గంటల ప్రాంతంలో ఉంటుంది. తడి స్విచ్చులోంచి 40 మిల్లీ ఆంపియర్లు మాత్రమే కారినా 100 గంటల్లో, అంటే నాలుగు రోజులు దాటగానే, అది పూర్తిగా ఖాళీ అవుతుంది.

నీరు లోపలికి వెళ్లే తీరు కూడా తెలిసి ఉండాలి. దూరం నడిచి వేడెక్కిన ఇంజిన్ మీద చల్లని నీరు పడితే మాగ్నెట్ కవర్లు, సెన్సార్లు, స్విచ్చుల లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నీటిని రబ్బరు సీళ్ల సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. వానలో తడిసినా ఏమీ కాని బండి, వచ్చిన వెంటనే వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే మొరాయించడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ప్లాటినం పాయింట్ల నుంచి ఈసీయూ దాకా

తెలుగు నేల మీద ఒకప్పుడు ఎక్కువగా తిరిగిన రాజ్‌దూత్, మైసూరులో తయారైన ఎజ్డీ, మద్రాసులో తయారైన బుల్లెట్ బండ్లలో నిప్పురవ్వ వేళను నిర్ణయించేవి ప్లాటినం పాయింట్లు. వాటి మధ్య చిన్న నీటిచుక్క చేరినా బండి ఆగిపోయేది. కవరు విప్పి, పొడిగుడ్డతో తుడిచి, సన్న ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దితే మళ్లీ కదిలేది. ఆ కాలపు బండ్లు చాలావాటిలో 6 వోల్టుల వ్యవస్థ ఉండేది. అంతే వెలుగు కోసం రెట్టింపు ఆంపియర్లు కావాలి కాబట్టి చిలుం పట్టిన జాయింటులో నష్టం నాలుగు రెట్లు ఉండేది.

తర్వాత వచ్చిన సీడీఐ పద్ధతిలో పాయింట్లు పోయాయి. వాటి స్థానంలో మాగ్నెట్ పక్కన పికప్ కాయిల్, సీటు కిందో పక్క కవరు వెనకో మూసిన డబ్బాలో ఎలక్ట్రానిక్ సర్క్యూటు వచ్చాయి. రోజూ సర్దాల్సిన పని పోయింది. దానికి బదులు కప్లర్లు పెరిగాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు ఇంజిన్‌తోపాటు హెడ్‌లైటు దానంతటదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో కార్బురేటర్ల స్థానంలో దాదాపు అన్ని బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇంధన పంపు, ఇంజెక్టర్, ఆక్సిజన్ సెన్సార్, థ్రాటిల్ సెన్సార్, సైడ్‌స్టాండ్ స్విచ్చు, వీటన్నిటినీ నడిపే ఈసీయూ ఇప్పుడు మామూలు బండిలోనూ ఉన్నాయి. కిక్కు లేని నమూనాలు కూడా పెరిగాయి. ఇంధన పంపుకు విద్యుత్తు కావాలి కాబట్టి బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ఇంజెక్షన్ బండిని తోసి స్టార్టు చేయడం చాలాసార్లు కుదరదు. కొత్త బండ్ల కప్లర్లకు రబ్బరు సీళ్లు ఉండటం వల్ల తడి లోపలికి పోవడం తగ్గింది. అయితే ఆ సీళ్లు చిరిగినా, విప్పినవాళ్లు సరిగా బిగించకపోయినా, లోపలికి చేరిన నీరు బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది.

నీరు చేరే చోట్లు

ప్లగ్ క్యాప్, హెచ్‌టీ వైరు: ముందు చక్రం చిమ్మే నీరు తగిలే చోట ప్లగ్ ఉన్న బండ్లలో మొదట తడిసేది ఇదే. రబ్బరు ఎండి వదులైతే లోపలికి నీరు దిగుతుంది. ప్లగ్ అడుగున ఉండే గుంటలో నీరు నిలిచినా ఇదే ఇబ్బంది.

ఇగ్నిషన్ కీ: తాళంచెవి పెట్టే రంధ్రం ఆకాశం వైపు తెరిచి ఉంటుంది. నీరు దిగి లోపలి పలకలకు చిలుం పడితే, గుంతలో బండి అదిరినప్పుడు మొత్తం విద్యుత్తు ఒక్కసారిగా పోయి మళ్లీ వస్తుంది. రాత్రి సాగర్ రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు ఇది ప్రాణాంతకం.

హ్యాండిల్ స్విచ్చులు: కిల్ స్విచ్చు, సెల్ఫు బటన్, ఇండికేటర్, క్లచ్ స్విచ్చు. వానలో బండి నిలిపేటప్పుడు హ్యాండిల్ వంచిన వైపు స్విచ్చులోకి నీరు పోతుంది.

వెనక బ్రేకు స్విచ్చు, సైడ్‌స్టాండ్ స్విచ్చు: రెండూ నేలకు దగ్గరగా, బురద తగిలే చోట ఉంటాయి. మొదటిది తడిస్తే బ్రేకు లైటు వెలుగుతూనే ఉంటుంది, లేదా అసలు వెలగదు. రెండోది తడిస్తే స్టాండు తీసినా తీయనట్టే సంకేతం వెళ్లి, గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోతుంది.

మాగ్నెట్ కాయిల్, రెక్టిఫైయర్ కప్లర్లు: ఛార్జింగ్ మొత్తం వీటి మీదుగానే సాగుతుంది. చిలుం వల్ల వేడి పెరిగి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం, కరగడం ఇక్కడ కనిపించే గుర్తులు.

ఫ్యూజు పెట్టె, బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు: ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు పడితే ఒకదానితో ఒకటి పొంతన లేని లోపాలు ఒకేసారి కనిపిస్తాయి. ఇండికేటర్ వేస్తే హారన్ బలహీనపడటం, బ్రేకు నొక్కితే మీటరు మసకబారడం దానికి సూచనలు.

చక్రం దగ్గరి సెన్సార్లు: ఏబీఎస్ ఉన్న బండ్లలో బురద పేరుకున్నా, కప్లరు తడిసినా హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఆ దీపం ఆరే వరకు మామూలు బ్రేకులు పనిచేస్తాయి, చక్రం జామ్ కాకుండా కాపాడే రక్షణ మాత్రం ఉండదు.

హెడ్‌లైటు అద్దం లోపల వాన తర్వాత పల్చని ఆవిరి కనబడటం చాలావరకు లోపం కాదు. వేడి గాలి పోవడానికి దానికి రంధ్రాలు ఉంటాయి, దీపం వెలిగిన కాసేపటికి ఆవిరి పోతుంది. అడుగున నీరు నిలిచి ఉంటే మాత్రం సీలు పోయినట్టే.

లోపాన్ని పట్టుకోవడం

తేమ లోపాన్ని పట్టుకోవడంలో మొదటి సాధనం ప్రశ్న: ఎప్పుడు వస్తోంది? తెల్లవారి మొదటిసారి మాత్రమే మొరాయించి, ఎండ ఎక్కాక మామూలైతే మంచు తడి అనుకోవాలి. నీటిగుంట దాటగానే మిస్సింగ్ వస్తే ప్లగ్ వైపు చూడాలి. కడిగిన మర్నాడు బ్యాటరీ దిగితే స్విచ్చులో లీకేజి ఉండవచ్చు. పొడి రోజుల్లో కూడా అదే లోపం ఉంటే తేమను వదిలి మరో కారణం వెతకాలి.

రెండో మెట్టు విద్యుత్తు ఉందో లేదో చూడటం. కీ తిప్పి హారన్ కొట్టాలి, బ్రేకు లైటు చూడాలి. రెండూ లేకపోతే ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు, కీ స్విచ్చు వరుసగా చూడాలి. రెండూ బాగుండి ఇంజిన్ తిరుగుతున్నా అంటుకోకపోతే నిప్పురవ్వ సంగతి చూడాలి. ప్లగ్ విప్పి, క్యాప్‌కు తగిలించి, దాని లోహభాగాన్ని ఇంజిన్‌కు గట్టిగా ఆనించి తిప్పితే నీలిరంగు రవ్వ కనబడాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు దగ్గర్లో పెట్రోలు తడి ఉండకూడదు. ప్లగ్‌ను ఇంజిన్‌కు ఆనించకుండా తిప్పితే సీడీఐ, కాయిల్ దెబ్బతినవచ్చు. చీకట్లో ఇంజిన్ నడిపి చూస్తే హెచ్‌టీ వైరు మీద పాకే సన్నని నీలివెలుగు లీకేజి చోటును చూపుతుంది. అప్పుడు దాన్ని చేత్తో తాకకూడదు.

మల్టీమీటరు ఉంటే పని తేలిక. ఆపి ఉన్న బండిలో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12 కంటే తగ్గితే అది ఖాళీ అయినట్టే. ఇంజిన్ కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టు. అనుమానం ఉన్న జాయింటుకు అటూ ఇటూ మీటరు మొనలు పెట్టి, దీపమో హారనో పనిచేస్తుండగా వోల్టేజి చూడటం మరింత నమ్మకమైన పరీక్ష. 0.2 వోల్టుల లోపు ఉంటే ఆ జాయింటు బాగుంది. అర వోల్టు దాటితే విప్పి శుభ్రం చేయాల్సిందే.

వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడానికి మరో పద్ధతి ఉంది. పొడి బండిని నడుస్తుండగా ఉంచి, నీళ్ల స్ప్రే సీసాతో ఒక్కో చోటే కొద్దిగా తడుపుతూ పోవాలి. ఏ చోట తడిపినప్పుడు ఇంజిన్ తడబడిందో అక్కడే లోపం ఉంది. మొత్తం ఒకేసారి తడిపితే ఏమీ తెలియదు.

విద్యుత్ లోపంలా కనిపించే ఇతర లోపాలను కూడా వేరు చేయాలి. ట్యాంకు మూత సీలు పోతే పెట్రోలులోకి నీరు దిగుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, నీరు హద్దు మీరితే ఇథనాల్‌తో సహా అడుగుకు వేరుపడుతుంది. అలాంటి బండి కూడా మిస్సింగ్ ఇస్తుంది. ఎయిర్ ఫిల్టరు తడిసినా అంతే. రవ్వ బలంగా ఉన్నా బండి అంటుకోకపోతే ఈ రెండింటినీ చూడాలి.

ఆరబెట్టడం, శుభ్రం చేయడం

దారిలో ఆగిపోయిన బండికి చేయగలిగింది తక్కువే అయినా తరచు అదే సరిపోతుంది. నీడకు జరిపి, కీ తీసి, ప్లగ్ క్యాప్ ఊడదీసి లోపలా బయటా పొడిగుడ్డతో తుడవాలి. ప్లగ్ పింగాణీని, హెచ్‌టీ వైరు పొడవునా కూడా తుడవాలి. కిల్ స్విచ్చును, సెల్ఫు బటన్‌ను కదిపి మళ్లీ ప్రయత్నించాలి. ఇంజిన్ వేడికి పది పదిహేను నిమిషాల్లో మిగతా తడి కొంత ఆరుతుంది. సెల్ఫును ఆపకుండా నొక్కి బ్యాటరీని ఖాళీ చేసుకోకూడదు.

షెడ్డులో పూర్తిగా చేయాల్సిన పనికి ఒక వరుస ఉంది: బ్యాటరీ నెగటివ్ వైరు విప్పడం, కప్లరు విడదీయడం, తడిని తీసేయడం, చిలుం తొలగించడం, పిన్నుల పట్టు చూడటం, రక్షణ పూత వేయడం, మళ్లీ బిగించడం. గాలి కొట్టేటప్పుడు ఒత్తిడి తక్కువగా ఉంచాలి. ఎక్కువ ఒత్తిడి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది. జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని తక్కువ వేడి మీద వాడవచ్చు. చిలుం తీయడానికి కాంటాక్టు క్లీనరు స్ప్రే, మెత్తని బ్రష్షు మంచివి. పెట్రోలుతో కడగడం అలవాటుగా జరుగుతుంది కానీ అది రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడుచేస్తుంది, నిప్పు ప్రమాదమూ ఉంది. పలచని పూత ఉన్న పిన్నుల మీద ఉప్పుకాగితం రుద్దితే పూత పోయి చిలుం మరింత త్వరగా పడుతుంది.

నీటిని తొలగించే స్ప్రేల్లో పేరుపొందిన డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ తయారుచేసింది. అట్లాస్ క్షిపణుల లోహపు పొర తుప్పు పట్టకుండా కాపాడటం దాని మొదటి ఉపయోగం. నీటిని లోహం మీది నుంచి తప్పించడంలో అది చక్కగా పనిచేస్తుంది, ఎక్కువ కాలం నిలిచే రక్షణ మాత్రం ఇవ్వదు. అందుకే దాన్ని కొట్టి తుడిచాక, కప్లరు సీలు చుట్టూ పలచగా సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు పూయాలి. ఆ గ్రీజు విద్యుత్తును ప్రవహింపనీయదు. పిన్నులు బిగుతుగా ఉంటే కలిసే చోట అది పక్కకు తప్పుకుని లోహం లోహాన్ని తాకుతుంది, చుట్టూ మిగిలిన గ్రీజు నీటిని ఆపుతుంది. ప్లగ్ క్యాప్ లోపలి అంచుకూ ఇదే పూయవచ్చు. బ్యాటరీ టెర్మినళ్లకు శుభ్రం చేసి బిగించిన తర్వాత వాజిలీన్ పూసినా సరిపోతుంది. మామూలు చక్రాల గ్రీజు కప్లర్లలో పెట్టకూడదు.

తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం తాత్కాలిక పని. టేపు కింద నీరు చేరి, రాగి తీగ లోపల వైరు పొడవునా నల్లబడుతుంది. నల్లబడినంత మేర కత్తిరించి, సోల్డర్ పెట్టి, వేడికి ముడుచుకునే ట్యూబు తొడిగితేనే అది నిలుస్తుంది.

మునిగిన బండి

2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు హైదరాబాద్‌లో సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్ల ముందు నిలిపిన వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అలా మునిగిన బండిని తడిసిన బండిలా చూడకూడదు.

నీటిలోంచి తీసిన బండికి కీ తిప్పకూడదు, సెల్ఫు నొక్కకూడదు, కిక్కు కొట్టకూడదు. ఇంజిన్ సిలిండరులో నీరు ఉంటే అది ఒత్తిడికి లొంగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తడిసిన కప్లర్లకు విద్యుత్తు అందితే ఈసీయూ, మీటరు అక్కడికక్కడే పోవచ్చు. మొదట బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి బ్యాటరీని తీసేయాలి. తర్వాత ప్లగ్ విప్పి, ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పి నీటిని బయటికి పంపాలి. ఇంజిన్ ఆయిలు పాలు కలిసినట్టు తెల్లబారితే నీరు కలిసినట్టే. దాన్ని పూర్తిగా మార్చి, కొద్దిసేపు నడిపి, మళ్లీ మార్చాలి. ఎయిర్ ఫిల్టరు, ట్యాంకులోని పెట్రోలు, బ్రేకులు, చక్రాల బేరింగులు కూడా చూడాలి.

కప్లర్లలో చేరిన బురదను ముందు మంచినీటితో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌తో, కడిగి ఆ తర్వాత ఆరబెట్టాలి. బురదనీరు ఉన్నదున్నట్టు ఎండితే లోపల మట్టి, లవణాలు మిగిలి తర్వాతి ముసురుకే చిలుం మొదలవుతుంది. మునిగి తేరుకుని బాగా నడుస్తున్న బండిని కూడా నెల తర్వాత ఒకసారి విప్పి చూడటం మంచిది.

బీమా విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా వరద నష్టాన్ని భరించదు. సొంత వాహన నష్టానికి కూడా వర్తించే సమగ్ర పాలసీ ఉంటేనే పరిహారం వస్తుంది. మునిగిన బండిని స్టార్టు చేయబోయి ఇంజిన్ పాడుచేసుకుంటే ఆ నష్టాన్ని కంపెనీ వేరుగా చూడవచ్చు. అందుకే బండిని కదిపేముందు ఫొటోలు తీసి, కంపెనీకి తెలియజేయాలి.

బ్యాటరీతో నడిచే బండ్లు

2024 నవంబరు నుంచి తెలంగాణలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ఇవ్వడంతో బ్యాటరీ స్కూటర్ల మీద ఆసక్తి పెరిగింది. వీటి బ్యాటరీ, మోటారు చాలావరకు ఐపీ67 రక్షణతో వస్తాయి. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం ప్రమాణం 60529 ప్రకారం ఇందులో మొదటి అంకె దుమ్ము నుంచి, రెండో అంకె నీటి నుంచి రక్షణను తెలుపుతుంది. 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా హాని కలిగించేంత నీరు లోపలికి పోదని అర్థం. ఆ పరీక్ష నిలకడగా ఉన్న నీటితో చేస్తారు. ఒత్తిడితో కొట్టే నీటి ధారకు 5, 6 అంకెలు వేరుగా ఉన్నాయి. కాబట్టి ఐపీ67 ఉందని ప్రెషర్ పంపుతో కడగడం సరికాదు.

వీటిలో పెద్ద ప్రమాదం ఛార్జింగ్ దగ్గర ఉంటుంది. గోడ ప్లగ్ 230 వోల్టులది. తడి చేతులతో, వాన పడుతున్న చోట, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బోర్డుతో ఛార్జింగ్ పెట్టకూడదు. నీట మునిగిన స్కూటరును ఇంట్లోకి తేకుండా, ఛార్జింగ్ పెట్టకుండా, ఇళ్లకు దూరంగా నిలిపి సర్వీసు కేంద్రానికి తెలపాలి. దెబ్బతిన్న లిథియం బ్యాటరీలో మంటలు గంటల తర్వాత, కొన్నిసార్లు రోజుల తర్వాత కూడా లేవవచ్చు.

ముందుజాగ్రత్త

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. రైతు విత్తనాలు చూసుకునే ఆ రోజుల్లోనే బండిని కూడా ఒకసారి చూసుకోవాలి. ప్లగ్ క్యాప్ రబ్బరు, హెచ్‌టీ వైరు పగుళ్లు, బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ బోల్టు, మాగ్నెట్ కప్లరు, బ్రేకు స్విచ్చు: ఈ ఆరింటినీ విప్పి, తుడిచి, గ్రీజు పూసి బిగించడానికి ఒక పూట చాలు. ఎలుకలు కొరికిన వైర్లు ఉన్నాయేమో కూడా అప్పుడే చూడాలి.

ముందు మడ్‌గార్డు చివర రబ్బరు ఫ్లాపు తగిలిస్తే ప్లగ్ వైపు నీరు చిమ్మడం బాగా తగ్గుతుంది. కప్లరులోకి వెళ్లే వైరును ముందు కిందికి వంచి తర్వాత పైకి తీసుకెళ్తే, వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. కప్లరుకు ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టడం మేలు చేసినట్టు కనిపించినా లోపల ఆవిరి పట్టి హాని చేస్తుంది. బండికి కప్పే కవరు విషయంలోనూ అంతే. గాలి ఆడే గుడ్డ కవరు మంచిది, తడి బండిని కప్పకూడదు. కడిగేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వాలి. స్విచ్చులు, కీ రంధ్రం, ప్లగ్, సైలెన్సరు నోటి వైపు ధార కొట్టకూడదు. కడిగాక కొన్ని నిమిషాలు నడిపి, రెండు బ్రేకులూ, దీపాలూ పనిచేస్తున్నాయో చూసుకోవాలి. అదనపు ఫాగ్ లైట్లు, పెద్ద హారన్లు, మొబైల్ ఛార్జర్లు పెట్టించుకునేటప్పుడు అసలు వైరింగును కోసి కలపనివ్వకుండా, విడిగా ఫ్యూజు, రిలే, సీలు ఉన్న కప్లరు పెట్టించాలి. కోసి అతికిన ప్రతి చోటా నీటికి కొత్త దారి ఏర్పడుతుంది.

తేమ లోపాల్లో చాలావాటికి కావలసింది పొడిగుడ్డ, కాంటాక్టు క్లీనరు, కాస్త గ్రీజు, వరుసగా వెతికే ఓపిక. నల్లగీత పడిన క్యాప్, కరిగిన కప్లరు, పగిలిన వైరు మార్చాల్సిందే. సీడీఐ, ఈసీయూ, వైరింగ్ కిట్ మార్చమని ఎవరైనా చెబితే మాత్రం, ముందు కప్లర్లు విప్పి చూపించమని, మీటరు పెట్టి చూడమని అడగండి. వానకాలం దారిలో బ్రేకు లైటు వెలగని బండి వెనక వచ్చేవాళ్లకు కనబడదు. కాబట్టి వానలు మొదలయ్యేలోగా మీ బండి బ్రేకు లైటు, హారన్, హెడ్‌లైటు తప్పక సరిచూసుకోండి.